ఒకే బరువు, రెండు తీర్పులు

ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు ఉన్న ఒక వ్యక్తిని ఊహించుకోండి. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే దాదాపు 24 వస్తుంది. బీఎంఐ అని మనం తరచూ వినే అంకె ఇదే. ఈ వ్యక్తి విమానంలో క్యాబిన్ సిబ్బందిగా పనిచేస్తున్నారనుకుందాం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2014లో ఇచ్చిన వైద్య ప్రమాణాల ప్రకారం ఆ వ్యక్తి పురుషుడైతే ఆయనది సాధారణ బరువు. స్త్రీ అయితే ఆమెది అధిక బరువు. పురుషులకు 18 నుంచి 25 దాకా సాధారణమేనన్న ఆ ప్రమాణాలు స్త్రీలకు 22 దగ్గరే గీత గీశాయి. ఊబకాయం అన్న ముద్ర పురుషుడికి 30 దగ్గర పడితే స్త్రీకి 27 దగ్గరే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో వయోజనులకు ఇలాంటి తేడా ఏమీ లేదు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అక్కడ ఒకటే గీత.

మరి ఈ తేడాకు శరీరశాస్త్రంలో ఆధారం ఉందా? లేక చూసేవాళ్ల కళ్లలో ఉన్నదే కాగితం మీదికి ఎక్కిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే, మన ఇళ్లలో, ఆసుపత్రుల్లో, వాకింగ్ ట్రాకుల మీద కనిపించే చాలా విషయాలు అర్థమవుతాయి.

ముందుగా మన దేశం లెక్క చూద్దాం. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మంది బీఎంఐ 25 గానీ అంతకు మించి గానీ ఉంది. పురుషుల్లో 22.9 శాతం. అంటే తేడా నామమాత్రం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 36.3 శాతం, పురుషులు 31.1 శాతం. తెలంగాణలో పురుషులదే కాస్త పైచేయి: స్త్రీలు 30.1 శాతమైతే పురుషులు 32.3 శాతం. లావుగా ఉన్నవాళ్ల సంఖ్యలో ఇద్దరూ ఇంచుమించు సమానమే. లావుగా బతకడంలో మాత్రం సమానం కాదు.

అది మన మాటల్లోనే తెలిసిపోతుంది. మగవాడు పెళ్లయ్యాక నాలుగు కిలోలు పెరిగితే ‘ఇంట్లో బాగా పెడుతున్నట్టున్నారే’ అంటారు. ఆ మెప్పులో సగం భార్య వంటకు పోతుంది. బొజ్జ కాస్త ముందుకొస్తే ‘నిండుగా ఉన్నాడు’, ‘హోదా వచ్చింది’ అంటారు. ఇంగ్లిషు నుంచి తెచ్చుకున్న ‘పర్సనాలిటీ’ అనే మాట అర్థాన్నే మనం మార్చేశాం. ‘మంచి పర్సనాలిటీ’ అంటే గుణగణాలు కావు, ఒడ్డూ పొడుగూ. ఆ మాట ఎక్కువగా మగవాళ్లకే వాడతాం. అదే ఆడపిల్ల ‘ఒళ్లు చేసిందంటే’ వెంటనే వచ్చే ప్రశ్నలు వేరు. థైరాయిడ్ ఉందేమో చూపించారా? నెలసరి సరిగ్గా వస్తోందా? సంబంధాలు చూసేలోపు తగ్గుతుందా? 2006లో వచ్చిన ‘కితకితలు’ సినిమాలో హాస్యం లావుపాటి భార్య చుట్టూ తిరుగుతుంది. 2015లో ‘సైజ్ జీరో’ కోసం అనుష్క బరువు పెరగడమే ఒక పెద్ద వార్త అయింది. పొట్ట ఉన్న హీరో సినిమాకు ఆ పొట్టే కథ కావడం మాత్రం అరుదు.

కొలబద్ద ఎవరిది?

బీఎంఐ సూత్రం వైద్యుడు కనిపెట్టింది కాదు. 1830ల్లో బెల్జియానికి చెందిన అడాల్ఫ్ కెట్లే అనే గణితజ్ఞుడు ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో లెక్కగట్టే ప్రయత్నంలో ఎత్తుకూ బరువుకూ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని గుర్తించాడు. దానికి బీఎంఐ అని పేరుపెట్టి, శరీరంలోని కొవ్వును అంచనా వేయడానికి పనికొస్తుందని 1972లో చూపించినవాడు అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. ఆయన అందుకోసం ఐదు దేశాల నుంచి ఏడు వేల మందికి పైగా వ్యక్తుల కొలతలు తీసుకున్నాడు. అందులో ఒక్క స్త్రీ కూడా లేదు. నేడు గర్భిణుల కార్డు మీద, జిమ్ము గోడ మీద, బీమా దరఖాస్తులో కనిపించే అంకె మగవాళ్ల మీద పరీక్షించి నిలబెట్టిందన్న మాట.

దీనివల్ల వచ్చే చిక్కు చిన్నదేమీ కాదు. ఒకే బీఎంఐ ఉన్న స్త్రీపురుషులను పోలిస్తే స్త్రీ శరీరంలో కొవ్వు శాతం సుమారు 10 పాయింట్లు ఎక్కువగా ఉంటుంది. గర్భం మోయడానికి, పాలివ్వడానికి శరీరం దాచుకునే నిల్వ అది. జబ్బు కాదు. డీజీసీఏ గీతను సమర్థించాలనుకునేవాళ్లు ఇక్కడే ఒక వాదన చేయవచ్చు: స్త్రీలో కొవ్వు ఎక్కువ కాబట్టి గీత కిందికి దించాం అని. వినడానికి బాగానే ఉంది. కానీ కొవ్వు ఎంత ఉందన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎక్కడ ఉందన్నది మిగతా సగం.

ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే ఈ సంగతి గమనించాడు. కొందరిలో కొవ్వు నడుము పైభాగంలో, పొట్టలో చేరుతుంది. ఇది ఎక్కువగా పురుషుల్లో కనిపిస్తుంది. మరికొందరిలో పిరుదులు, తొడల దగ్గర చేరుతుంది. ఇది ఎక్కువగా స్త్రీలలో. మధుమేహం, గుండెజబ్బుల ముప్పు మొదటి రకంలోనే హెచ్చు. ఎందుకంటే పొట్ట లోపల, కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వు ఊరకే ఉండదు. దాని నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. అక్కడి నుంచి ఇన్సులిన్ పని మందగించడం మొదలవుతుంది. తొడల దగ్గర చర్మం కింద ఉండే కొవ్వు అలా కాదు. అది ఒక రకంగా గోదాము. మిగులు కొవ్వును పట్టి ఉంచి, లోపలి అవయవాల మీద పడకుండా కాపాడుతుంది.

ఈ పంపకాన్ని నడిపేది ప్రధానంగా హార్మోన్లు. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం స్త్రీ శరీరం కొవ్వును తొడల వైపు పంపుతుంది. నెలసరి ఆగిపోయాక ఆ రక్షణ తగ్గి, కొవ్వు పొట్టకు మళ్లుతుంది. ‘అంతే తింటున్నాను, చీర కట్టు మాత్రం మారింది’ అని యాభై ఏళ్ల స్త్రీలు చెప్పేది సాకు కాదు, శరీరశాస్త్రం. హార్మోన్ చికిత్స తీసుకునే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఈస్ట్రోజెన్ తీసుకున్నవారిలో కొవ్వు తుంటి వైపు, టెస్టోస్టెరాన్ తీసుకున్నవారిలో పొట్ట వైపు మళ్లుతుంది.

ఇక ఫలితం చూడండి. స్కాట్లండ్‌లో మధుమేహం కొత్తగా బయటపడినవారి వివరాలను గ్లాస్గో పరిశోధకులు విశ్లేషించి 2011లో ప్రచురించారు. జబ్బు బయటపడిన సమయానికి పురుషుల సగటు బీఎంఐ 31.8. స్త్రీలది 33.7. అంటే పురుషుడి శరీరం తక్కువ బరువు దగ్గరే దెబ్బతింటోంది. భారతీయుల్లో ఈ ముప్పు మరీ ముందే వస్తుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ తన ఫొటోనూ, లండన్‌లోని సహచరుడు జాన్ యుడ్కిన్ ఫొటోనూ పక్కపక్కన పెట్టి 2004లో ‘లాన్సెట్’లో ప్రచురించిన చిన్న వ్యాసం ఇప్పుడు వైద్య పాఠాల్లో చాలా ప్రసిద్ధం. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. చూడటానికి సన్నగా, లోపల కొవ్వుగా ఉండే మన తరహా దేహానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ దొరకదు. అందుకే భారతీయులకు అధిక బరువు 23 నుంచే మొదలవుతుందని మన వైద్యులు 2009లో ఒక అంగీకారానికి వచ్చారు. అది కూడా స్త్రీపురుషులిద్దరికీ.

కాబట్టి గీతలు వేరువేరుగా గీయాల్సి వస్తే, బీఎంఐ ప్రకారం పురుషుడి గీతే కిందికి రావాలి. 2014 ప్రమాణాల్లో అది తలకిందులైంది.

ముద్ర పడే చోటు

శరీరానికి ముప్పు ఎక్కడ మొదలవుతుందో చూశాం. సమాజం చిన్నచూపు ఎక్కడ మొదలవుతుంది? దీన్ని కూడా కొలిచారు. రెబెకా పూల్ బృందం అమెరికాలో దేశవ్యాప్త సర్వే వివరాలను విశ్లేషించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు కారణంగా వివక్ష ఎదురవడం స్త్రీలకు బీఎంఐ 27 దగ్గరే గణనీయంగా పెరిగింది. పురుషులకు ఆ స్థాయి 35 దగ్గర గానీ రాలేదు. 160 సెంటీమీటర్ల ఎత్తుకు లెక్కగడితే 27 అంటే సుమారు 69 కిలోలు, 35 అంటే దాదాపు 90 కిలోలు. ఈ 20 కిలోల వెసులుబాటు పురుషుడికి ఉంది, స్త్రీకి లేదు.

జీతాల్లోనూ ఇదే కనబడింది. ఆర్థికశాస్త్రవేత్త జాన్ కాలీ 2004లో అమెరికా గణాంకాలతో చూపించినదాని ప్రకారం తెల్లజాతి స్త్రీలలో 65 పౌండ్లు, అంటే సుమారు 29 కిలోలు, ఎక్కువ బరువున్నవారి జీతం దాదాపు 9 శాతం తక్కువ. టిమోతీ జడ్జ్, డేనియల్ కేబుల్ 2011లో అమెరికా, జర్మనీ వివరాలు కలిపి చూస్తే ఇంకో వింత తేలింది. స్త్రీలు సన్నదనం నుంచి సగటు బరువుకు వచ్చేసరికే జీతం బాగా తగ్గుతోంది. పురుషులకు ఊబకాయం దాకా బరువుతోపాటు జీతమూ పెరుగుతోంది. ఈ అంకెలు అక్కడివి. మన దగ్గర యథాతథంగా వర్తిస్తాయని అనలేం. కానీ ‘హోదా వచ్చింది’ అన్న మన మాట గుర్తుకు రాక మానదు.

ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. దేహానికి ముప్పు పురుషుడికి ముందు, స్త్రీకి తర్వాత. సమాజం నుంచి మాట పడటం స్త్రీకి ముందు, పురుషుడికి తర్వాత. ఈ ఎదురుబొదురు నడకలో ఇద్దరూ నష్టపోతున్నారు, వేరువేరు దారుల్లో.

స్త్రీ నష్టపోయే దారి మొదట. కీళ్ల నొప్పి, అలసట, తలనొప్పి, ఏది చెప్పుకున్నా ‘ముందు బరువు తగ్గి రండి’ అన్న జవాబు లావుగా ఉన్న స్త్రీలకు కొత్త కాదు. ఆ మాట పడటం ఇష్టంలేక ఆసుపత్రికే వెళ్లకుండా ఊరుకునేవాళ్లున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు లావుగా ఉన్న స్త్రీలు తక్కువగా వస్తున్నారని అమెరికా అధ్యయనాలు తేల్చాయి. అవసరం ఎక్కువున్నవాళ్లే దూరంగా ఉంటున్నారన్న మాట.

అందరూ అడిగే థైరాయిడ్ సంగతీ చెప్పుకోవాలి. థైరాయిడ్ మందకొడితనం స్త్రీలలో ఎక్కువన్నది నిజం. కానీ దానివల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే. అందులోనూ చాలాభాగం ఉప్పు, నీరు. 20 కిలోలకు థైరాయిడ్ ఒక్కటే కారణమనుకుంటే మాత్ర వేసుకున్నా తగ్గక, తప్పు తనదేనని ఆమె అనుకుంటుంది. పీసీఓఎస్ కథ వేరు. అక్కడ ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. పెరిగిన ఇన్సులిన్ అండాశయాలను రెచ్చగొట్టి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. బరువు పెరిగితే ఇన్సులిన్ పనితనం ఇంకా తగ్గుతుంది. బరువు ఇక్కడ కారణమూ, ఫలితమూ కూడా. ఐదు నుంచి పది శాతం బరువు తగ్గినా నెలసరి గాడిన పడే అవకాశం ఉంది. ఆ మాట సానుభూతితో చెప్పిన డాక్టరు దగ్గరికే ఆమె మళ్లీ వస్తుంది.

పిల్లలు కలగని దంపతుల విషయంలో ఈ అసమానత మరీ స్పష్టం. భార్యను బరువు తగ్గమంటారు. పక్కన కూర్చున్న భర్త పొట్ట గురించి ఎవరూ ఎత్తరు. కానీ కొవ్వు కణజాలంలో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎక్కువైతే టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, వీర్యకణాల నాణ్యత దెబ్బతింటుంది. సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో పురుషుడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది.

సిగ్గుపెడితే తగ్గుతారన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అత్తయ్యలూ పిన్నులూ మంచి మనసుతోనే అంటారు. కానీ ఏంజెలీనా సుటిన్, ఆంటోనియో టెరాచియానో అమెరికాలో ఆరువేల మందికి పైగా వయోజనులను నాలుగేళ్ల తర్వాత మళ్లీ చూసి 2013లో ప్రచురించిన ఫలితం దీనికి విరుద్ధం. బరువు కారణంగా వివక్ష ఎదుర్కొన్నామని చెప్పినవారు, మొదట్లో ఊబకాయం లేకపోయినా, తర్వాత ఊబకాయులయ్యే అవకాశం మిగతావారికంటే సుమారు రెండున్నర రెట్లు. సిగ్గు ఒత్తిడిని పెంచుతుంది. ఒత్తిడి తిండి వైపు లాగుతుంది. నలుగురి ముందు ఒళ్లు కదిలించాలంటేనే జంకు పుడుతుంది.

పోనీ నడుద్దామంటే సమయమేది? 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు 88 నిమిషాలు. ఇంత పని చేసినా అది గుండె వేగం పెంచే వ్యాయామంగా చాలావరకు లెక్కకు రాదు. గ్యాస్ పొయ్యి ముందు నిలబడటం కాళ్లను పీకుతుంది గానీ ఊపిరిని పెంచదు. 2022 నాటికి మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని స్త్రీలు 57 శాతం, పురుషులు 42 శాతం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అంచనా. పొద్దున ఆరుకు పార్కులో మగవాళ్లు బనియన్లతో నడుస్తుంటారు. అదే సమయానికి ఆమె క్యారేజీలు సర్దుతూ ఉంటుంది. సాయంత్రం వీలైనా చీకటి పడితే బయటికి వెళ్లనివ్వరు. చివరికి మేడ మీదో, అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కార్ల మధ్యో చున్నీ సర్దుకుంటూ తిరుగుతుంది. లావుగా ఉన్న స్త్రీ పరుగెత్తితే చూసేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆమె సోమరితనం గురించి మాట్లాడేముందు ఈ గంటలు లెక్కపెట్టాలి.

మగవాళ్లు మాట్లాడని మాట

పురుషుడి నష్టం చప్పుడు చేయదు. బొజ్జను ఎవరూ తప్పుపట్టరు కాబట్టి దాన్ని ఎవరూ కొలవరు. నలభై రెండేళ్లకు వేరే పనిమీద రక్తపరీక్ష చేయిస్తే చక్కెర బయటపడుతుంది. బరువు తగ్గించే చికిత్సల్లో అతను కనిపించడం తక్కువ. ప్రపంచవ్యాప్త రిజిస్ట్రీల్లో నమోదైన బేరియాట్రిక్ శస్త్రచికిత్సల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు స్త్రీలకు జరిగినవే.

అలాగని మగవాళ్లందరికీ బొజ్జ హోదా కాదు. పదమూడేళ్ల కుర్రాడిని అడగండి. యుక్తవయసులో హార్మోన్ల హెచ్చుతగ్గులవల్ల చాలామంది అబ్బాయిల్లో ఛాతీ కాస్త ఉబ్బుతుంది. ఎక్కువమందిలో ఆరునెలల నుంచి రెండేళ్లలో అదే సర్దుకుంటుంది. లావుగా ఉన్న పిల్లల్లో దానికి కొవ్వు తోడై మరింత కనబడుతుంది. స్కూల్లో వాడికి పడే పేర్లు అన్నీ ‘నువ్వు మగాడివి కాదు’ అనే అర్థం వచ్చేవే. ఈత నేర్చుకోనంటాడు. వేసవిలోనూ చొక్కా కింద బిగుతు బనియన్ వేస్తాడు. ఒడుగులోనో పూజలోనో పైబట్ట లేకుండా పీటల మీద కూర్చోవాలంటే కడుపునొప్పి అంటాడు. ఆడపిల్లకైతే కనీసం బాధను చెప్పుకునే భాష ఉంది. వీడికి అదీ లేదు. ‘మగపిల్లాడివి, దీనికే ఏడుస్తావా’ అనేస్తారు. లావు మగవాణ్ని గౌరవిస్తాం అనుకునే సమాజం, అతని లావులో ఆడతనం లీలగా కనబడగానే ఎంత క్రూరంగా మారుతుందో ఇక్కడ తెలుస్తుంది.

పురుషుల దగ్గరికి వాళ్ల దారిలోనే వెళ్లాలన్న ఆలోచన స్కాట్లండ్‌లో ఫలించింది. 13 ఫుట్‌బాల్ క్లబ్బుల మైదానాల్లోనే, అభిమానులతో, క్లబ్ కోచ్‌ల చేత 12 వారాల శిక్షణ ఇప్పించారు. 35–65 ఏళ్ల పురుషులు 747 మంది ఆ ప్రయోగంలో పాల్గొన్నారు. శిక్షణ తీసుకున్నవారు, తీసుకోనివారికంటే ఏడాది తర్వాత సగటున సుమారు 5 కిలోలు ఎక్కువ తగ్గారని 2014లో ‘లాన్సెట్’ ప్రచురించింది. డైట్ క్లినిక్ మెట్లు ఎక్కని మగవాళ్లు తమ జట్టు మైదానానికి మాత్రం ఉత్సాహంగా వచ్చారు. మనకు క్రికెట్ మైదానాలకేం కొదవ?

ఇంట్లో టేపుతో

బీఎంఐ చెప్పలేని దాన్ని దర్జీ టేపు కొంతవరకు చెబుతుంది. దక్షిణాసియా వాసులకు నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు (సుమారు 35 అంగుళాలు), స్త్రీలకు 80 సెంటీమీటర్లు (సుమారు 31 అంగుళాలు) దాటకుండా చూసుకోవాలి. ఇక్కడ గీతలు వేరువేరుగా ఉండటానికి కారణం శరీర నిర్మాణం, చూపరుల అభిరుచి కాదు. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో నడుము కొలతలు మొదటిసారి తీశారు. వాటిని విశ్లేషించిన పరిశోధకులు 40 శాతం స్త్రీలలో, 12 శాతం పురుషుల్లో పొట్ట కొవ్వు ఉందన్నారు. అది చదివి ఇది ఆడవాళ్ల సమస్యే అనుకోకండి. పురుషులకు ఏ కొలతను గీతగా పెట్టామన్నదాన్ని బట్టి ఆ అంకె చాలా మారుతుంది. అదే సర్వేలో నడుముకూ తుంటికీ ఉన్న నిష్పత్తిని చూస్తే ముప్పు ఉన్న స్త్రీలు 56.7 శాతం, పురుషులు 47.7 శాతం. అంతరం ఒక్కసారిగా చిన్నదైపోయింది.

కొలిచే పద్ధతి తెలియాలి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ మధ్య సరిగ్గా నడిమి భాగంలో టేపు చుట్టాలి. నిలబడి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు. స్త్రీలు లంగా ముడి ఉన్నచోట కాకుండా ఈ నడిమి భాగంలోనే కొలవాలి. ముడి చాలామందికి ఇంకా కిందికి ఉంటుంది. పురుషులు ప్యాంటు సైజును నమ్ముకోకూడదు. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు దాని కిందికి జారుతూ పోతుంది కాబట్టి, ఇరవై ఏళ్లుగా 34 సైజే వేస్తున్నానని గర్వంగా చెప్పే మనిషికి బొడ్డు దగ్గర టేపు చుడితే 40 చూపించవచ్చు.